గాలిలో రేవులపాడు

కొత్త రేవులపాడు, గురజాల రోడ్డు
ఫిబ్రవరి మొదటి వారం

చిరంజీవి జ్యోతిర్మయికి,

మేనమామ యల్లమందయ్య దీవించి రాస్తున్నాడు. ఇక్కడ మీ అత్త మోకాళ్ళు తప్ప అందరం కులాసా.

నీ ఉత్తరం అందింది. ఫోన్లో నాకు సగమే వినపడుతుందని, ఆ వినపడని సగం నేను నాకిష్టమొచ్చినట్టు కల్పించుకుంటానని తెలిసి, ఈ రోజుల్లో కూడా కాగితం మీద రాసే మనిషివి నువ్వొక్కదానివే. పోస్టుమాన్ కవరు చేతికిస్తూ "పెద్దాయనా, కోర్టు నోటీసు కాదుగా?" అన్నాడు. వాడు పంచే ఉత్తరాలన్నీ ఆ జాతివే మరి.

నాకు అర్థమైనంతలో సంగతి ఇది. అమరావతిలో కొత్తగా కట్టిన ప్రదర్శనశాలలో, కప్పు నుంచి తీగలు దించి, ఆనకట్ట నీళ్ళలో మునిగిపోయిన మన పాత రేవులపాడును గాలిలో వేలాడదీస్తావు. ఉన్నది ఉన్నట్టు కాదు, ఉండాల్సినట్టు. ఏ నీళ్ళూ అందుకోలేని ఊరు. ఊరు ఖాళీ చేసినప్పుడు జనం గోడల్లోంచి పెరికి తెచ్చుకున్న ద్వారబంధాలు, తలుపులు, గడపలతో సహా ఆ ఇళ్ళకు పెడతావు. అవి అడిగి పంపమంటున్నావు. ఏప్రిల్‌లో ప్రారంభం. నీ పేరు మీద ఇంత పెద్ద పని రావడం ఇదే మొదలు, తలుపులు రాకపోతే పనే లేదు. ఇంతేనా?

ఇంతే అయితే ఇందులో నాకు వింతేమీ కనపడలేదు. మీ అమ్మమ్మ పాలు, పెరుగు, వెన్న అన్నీ ఉట్టి మీద పెట్టేది, పిల్లికీ చీమకూ నాకూ అందకుండా. పోగొట్టుకోకూడదనుకున్న వస్తువును నేల మీంచి ఎత్తి కట్టడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న పనే. నువ్వు వెన్నముద్ద బదులు ఊరిని కడుతున్నావు. తాడు మాత్రం గట్టిది చూసుకో.

మొన్న పొద్దున టీకొట్టు దగ్గర అందరికీ చెప్పాను. చెప్పడం తేలికే, ఆ తరవాతే కష్టం.

పక్కింటి పుల్లమ్మ ముందుగా అందుకుంది. "నా తలుపు మేకల దొడ్డికి అడ్డంగా ఉండాది. అది ఇచ్చేస్తే మేకల్ని నీ మేనకోడలొచ్చి కాస్తదా?"

ఏసయ్య తలుపు మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ మిరప ఎండేదాకా ఆగమన్నాడు. ప్రెసిడెంటుగా చేసిన సుబ్బారావు తలుపు నీకు గుర్తుందిగా, నెమళ్ళు చెక్కింది, దాన్ని టార్పాలిన్ కప్పి ఇంటి వెనక పడుకోబెట్టాడు. అతను గ్లాసు కింద పెట్టి "బావా, ముందీ మాట చెప్పు. ఆ గాలి ఊళ్ళో మా ఇల్లు పైనా, కిందనా?" అన్నాడు.

నువ్వు నవ్వుతావు గానీ, ఈ కాలనీలో లాటరీ తీసి ప్లాట్లు ఇచ్చినప్పుడు పక్కపక్క ఇళ్ళవాళ్ళు తలా ఒక వీధికి పోయారు. అందుకే కొత్త ఊరన్న మాట వినగానే, ఈసారన్నా పంపకం సరిగ్గా జరగాలని వీళ్ళ పట్టుదల. అది బొమ్మ ఊరని చెప్పాను. "బొమ్మైనా సరే, మా ఇల్లు మా ఇల్లే" అన్నారు. ఎవరి ఇల్లు ఎక్కడ పెడతావో వెంటనే రాయి. అది తేలితే గానీ ఒక్క తలుపూ కదలదు.

ఆశీస్సులతో,
మామయ్య


విశాఖపట్నం
ఫిబ్రవరి నెలాఖరు

మామయ్యకు,

నీ ఉత్తరం మా పని షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. నాతో పనిచేసే ఇంజనీరు తహసీన్ నవ్వలేక కుర్చీ పట్టుకుంది. తరవాత "మీ మామయ్య అడిగింది చాలా మంచి ప్రశ్న, పైనెవరు కిందెవరు అని నువ్వు అసలు ఆలోచించావా?" అని నన్నే నిలదీసింది.

ఆలోచించాను మామయ్యా. ఈ పని మొదలుపెట్టిందే దాని కోసం. వేసవి సెలవులకు నీ దగ్గరికి వచ్చినప్పుడు నేను చూసిన ఊళ్ళో ఒక ఎత్తు ఉండేది, ఒక పల్లం ఉండేది. ఎవరు ఎత్తున ఉండాలో ఎవరు పల్లంలో ఉండాలో మనం పుట్టకముందే ఎవరో తేల్చేశారు. నేను కట్టే ఊళ్ళో ఇళ్ళన్నీ వెదురు చట్రాలు, పైన తెల్లటి నేతగుడ్డ. ఒక్కో వెదురు దూలానికి రెండు చివర్లా రెండిళ్ళు, మధ్యలో తీగ. అచ్చం తక్కెడ. హాల్లో గాలి కదిలితే ఒక ఇల్లు కొంచెం లేస్తుంది, దాని జత ఇల్లు కొంచెం దిగుతుంది. కాసేపటికి అటుది ఇటు. మొత్తం ఊరు మెల్లగా తిరుగుతూ ఉంటుంది. వీధి చివర అంటూ ఉండదు, ఊరి బయట అంటూ ఉండదు.

కాబట్టి సుబ్బారావు గారి ఇల్లు పైనా ఉంటుంది, కిందా ఉంటుంది. ఆయన జత ఏసయ్య అన్న ఇల్లు. ఇది ఆయనకు ఎలా చెప్తావో నీ ఇష్టం. నీ జత పుల్లమ్మత్త. ఇక్కడైనా మీరిద్దరూ పోట్లాడుకోకుండా ఉండరు కదా అని పెట్టాను.

అందరి తలుపులు ఎక్కడున్నాయో రాశావు. మరి నీది? నీలం రంగు వేసి, పైన ఇత్తడి గొళ్ళెం ఉండేది, నాకు అందేది కాదు. దాన్ని కూడా పంపు.

నీ
జ్యోతి


కొత్త రేవులపాడు
మార్చి రెండో వారం

చిరంజీవి జ్యోతికి,

నీ తక్కెడ సంగతి టీకొట్టులో చెప్పాను. రెండు గ్లాసుల టీ పట్టింది, పోట్లాటకు ఇంకో రెండు.

ముందు వాస్తు వచ్చింది. ఊరు తిరుగుతుందని చెప్పగానే సుబ్బారావు లేచి నిలబడ్డాడు. "తిరిగే ఇంటికి తూరుపేంది బావా? పొద్దున తూరుపు వాకిలి, మాపటికి దక్షిణం వాకిలైతే కాపరం ఎట్టా చేసేది?" అన్నాడు. అక్కడ కాపురం చేసేవాడు ఎవడూ లేడని చెప్పినా వినడు. వాస్తు గురించి నేనొక పుస్తకం చదివాను, అట్టలేనిది, మాచర్ల సంతలో దొరికింది. అందులో పడవకు వాస్తు లేదని ఉంది. కదిలేదానికి దిక్కు దోషం అంటదట. అది చెప్పాను. పుస్తకంలో ఉందంటే సుబ్బారావు నమ్ముతాడు, చదవడు కాబట్టి.

తరవాత జత మాట చెప్పక తప్పలేదు. చెప్పాను. టీకొట్టు అతను గ్లాసులు కడగడం ఆపాడు. సుబ్బారావు మొహం గంటు పెట్టుకుని "చానా చోట్లుండగా మా ఇంటికి జత ఆ ఇల్లే దొరికిందా?" అన్నాడు.

ఏసయ్య బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "ప్రెసిడెంటూ, బాబాయ్ చెప్పింది ఇన్నావా? నేను దిగితేనే నువ్వు లేస్తావంట. ఇంక నాతో కాస్త మరియాదగా ఉండు" అన్నాడు.

ముందు పుల్లమ్మ నవ్వింది. ఆమె నవ్వు తెలుసుగా, మేకలు కూడా తలెత్తి చూస్తాయి. తరవాత అందరూ నవ్వారు. చివరికి సుబ్బారావుకు కూడా నవ్వాగలేదు. "ఒరేయ్ ఏసయ్యా, నువ్వు దిగకుండా పైనే కూసుంటే?" "పైన ఎండెక్కువ. కాసేపుండి నేనే దిగుతాలే" అన్నాడు ఏసయ్య. ఆ సాయంత్రం సుబ్బారావు తలుపు మీద టార్పాలిన్ తీశాడు. నెమళ్ళకు నూనె పట్టించాడు.

తలుపులన్నీ ఏసయ్య ట్రాక్టరు మీద అమరావతికి బయల్దేరాయి. పుల్లమ్మ దొడ్డికి పాత మంచం అడ్డం పెట్టింది. ఏసయ్య తలుపుకు మిరప ఘాటు పట్టి ఉంది, దింపేటప్పుడు మీవాళ్ళను ముక్కు మూసుకోమను. కాలనీ అంతా రోడ్డు దాకా వచ్చింది సాగనంపడానికి. పుల్లమ్మ ప్రతి గడపకూ పసుపు రాసి, బొట్లు పెట్టి పంపింది. ఊరు విడిచి వచ్చిన రోజు ఇంత మంది ఒకచోట నిలబడ్డాం, మళ్ళీ ఇప్పుడే. వాళ్ళు నిన్ను నమ్మారమ్మాయ్. కొత్త ఊళ్ళ గురించి చెప్పిన మాటల్లో వీళ్ళు నమ్మింది నీ ఒక్క మాటే.

నా కంటి శుక్లం ముదిరిందని నరసరావుపేట డాక్టరు చెప్పాడు. పక్క కుర్చీలో ఒకాయన రెండు కళ్ళకూ చేయించుకుని, ఇప్పుడు భార్య మొహం మీద మచ్చలు కనపడుతున్నాయని బాధపడుతున్నాడు. నేను ఇంకా ఆలోచిస్తున్నాను.

మామయ్య


అమరావతి
మార్చి ఆఖరు

మామయ్యకు,

ఈ ఉత్తరం నీ ఒక్కడికే. దయచేసి ఎవరికీ చెప్పకు.

తలుపులు భద్రంగా అందాయి. హాలు నిండా చింతచెక్క, వేపచెక్క వాసన, మిరప ఘాటు. అన్నిటినీ గోడలకు ఆనించి నిలబెట్టాం. వరసగా చూస్తే నాకు ఏడుపొచ్చింది. నిన్న తహసీన్ ఒక్కొక్కటి తూకం వేసింది. నేను పాత తలుపుల్ని మనసులో చూసుకుని బరువు అంచనా వేశాను మామయ్యా, చిన్నప్పుడు చూసినవే కదా అని. సుబ్బారావు గారి ఒక్క ద్వారబంధం ఎత్తడానికి ఆరుగురు పట్టాల్సి వచ్చింది. పాత చెక్క. గడపలైతే రాళ్ళే.

తహసీన్ కంప్యూటర్లో లెక్క మళ్ళీ మళ్ళీ వేసింది. వెదురు ఇళ్ళను కప్పు మోస్తుంది. తలుపులు కూడా కడితే మోయదు. ఒకటి రెండు కట్టొచ్చు, అన్నీ కుదరవు. ఎవరివి కట్టాలి, ఎవరివి మానాలి? మళ్ళీ లాటరీ తీయనా?

ఒక దారి ఉందని ఇక్కడి వాళ్ళు అంటున్నారు. పలచటి ప్లైవుడ్‌తో అచ్చం అలాంటి తలుపులే చేయించి రంగు వేసి పైన కట్టడం. అసలు వాటిని వెనక గదిలో పెట్టి, తరవాత తిరిగి పంపడం. కింద నుంచి చూస్తే ఎవరికీ తేడా తెలియదట. పుల్లమ్మత్తకు తెలియదా? మేకల్ని కొమ్ముల్ని బట్టి కాదు, దగ్గుని బట్టి గుర్తుపడుతుంది ఆమె.

పనివాళ్ళు ప్లైవుడ్ కోయడానికి ఎదురుచూస్తున్నారు. ఉగాది వెళ్ళాక చెప్తానని ఆపాను. అది చేస్తే ప్రదర్శన జరుగుతుంది, నా పేరు వస్తుంది, కానీ రోడ్డు దాకా వచ్చి సాగనంపిన వాళ్ళను మోసం చేసినట్టే. చేయకపోతే గాలిలో తలుపుల్లేని ఇళ్ళు, కింద గోడలకు ఆనించిన అసలు తలుపులు. ఏం చేయమంటావు?

నీ తలుపు రాలేదు. దాని గురించి అడిగితే నువ్వు కంటి డాక్టరు గురించి రాశావు.

జ్యోతి


కొత్త రేవులపాడు
ఏప్రిల్ మొదట్లో

చిరంజీవి జ్యోతికి,

ఎవరికీ చెప్పవద్దన్నావు. నేను ఎవరికీ చెప్పలేదు. కానీ ఊరందరికీ తెలిసిపోయింది. ఎట్లాగంటే చెప్తాను, కోపగించుకోకు.

నేను బడికి పోయి చదువుకున్నవాడిని కాదని నీకు తెలుసు. కిరాణా పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాడిని. అందుకని ఇప్పటికీ పెదవులు కదపకుండా, పైకి అనకుండా చదవడం చేతకాదు. పైకి అంటే మెల్లగానే అంటున్నానని నా నమ్మకం. నా చెవుల సంగతి నాకెట్లా తెలుస్తుంది? అరుగు మీద కూర్చుని నీ ఉత్తరం చదివాను. ముగించి తలెత్తేసరికి ప్రహరీ అవతల పుల్లమ్మ, వీధి గుమ్మంలో ఏసయ్య, సైకిలు ఆపి సుబ్బారావు.

"ఎవరికీ చెప్పకు అన్న కాడ్నుంచి ఇన్నాం" అన్నాడు ఏసయ్య.

అయిపోయిందనుకున్నాను. పుల్లమ్మ గేటు తోసుకుని వచ్చింది, నా ముందు నిలబడింది. "గడపల్ని గాల్లో ఏలాడదీస్తదా ఆ పిల్ల?" అంది.

అవునన్నాను. ముందునుంచీ చెప్తున్నది అదేగా అన్నాను.

"నువ్వు ఇల్లు ఎగురుద్దన్నావు. గడప ఎగురుద్దని ఎప్పుడన్నావు? నేను మెట్లుంటయ్యనుకున్నా. పసుపు ఎట్టా రాసేది, నిచ్చెనేసుకొనా? వచ్చినోళ్ళు ఏం దాటి లోపలికి రావాలి? గడపంటే నేల మీద ఉండాలి యల్లమందన్నా. ఇంటిని యాడికన్నా లేపుకోమను. గడపని లేపితే నా తలుపు నాకు పంపమను. ఆ దొంగ తలుపులు కోస్తే మాత్రం ఆ రంపం తీసుకుని నేనే వస్తా."

సుబ్బారావు అవునవునన్నాడు. ఏసయ్య ఇంటావిడ కూడా అదే మాట అంది. పాత ఊళ్ళో నోములకూ పండగలకూ గడప కడిగిన చేతులు ఇవన్నీ. వేలాడే గడప అనేది వాళ్ళ ఊహకే రాలేదు. అంత బరువు కప్పు మోయదని నువ్వు కుమిలిపోతున్నావు. వీళ్ళేమో అసలు మోయనివ్వద్దంటున్నారు. నువ్వు దాచిన మాటా వీళ్ళు చెప్పని మాటా ఒకటే అయ్యాయి.

కాబట్టి చెప్పేదేమంటే, తలుపులు నేల మీద నిలబెట్టు. ఎవరి ఇల్లు పైన ఉంటే దాని కిందే వాళ్ళ గడప. లోపలికి రావాలంటే గడప దాటాలి, దాటాక తల ఎత్తాలి. ఇది నా తెలివి కాదు, పుల్లమ్మ కోపం. మనుషులు ఎగరాలనుకునే ఊళ్ళ గురించి నేను చదివిన అట్టలేని పుస్తకాలన్నిటిలో ఒక్కడూ కాళ్ళు ఎక్కడ తుడుచుకోవాలో రాయలేదు.

ఇక నా తలుపు. తప్పించుకోవడం అయిపోయింది కాబట్టి రాస్తున్నాను. అది నా దగ్గర లేదు, పాత ఇంటికే ఉంది. ఊరంతా గునపాలతో తలుపులు పెరుకుతుంటే నాకు ఆ బోసి గోడలు చూడబుద్ధి కాలేదు. పొద్దున్నే అన్నం తిని, పొయ్యి ఆర్పి, తలుపు దగ్గరికేసి, తాళం వేసి, అలవాటు కొద్దీ రెండుసార్లు లాగి చూసి బయల్దేరాను. ట్రాక్టరు మీద నుంచి సుబ్బారావు "బావా, చేపలు దొంగతనానికి వస్తయ్యనా?" అని అరిచాడు. ఆ మాట ఈ కాలనీలో చాలా ఏళ్ళు తిరిగింది. నీ దాకా రాకూడదని ఇన్నాళ్ళూ కంటి డాక్టరును అడ్డం పెట్టాను. నా ఇల్లు తీసేయి, ఏమీ అనుకోను. పుల్లమ్మ జతకు ఇంకెవరినన్నా చూడు, దొరికితే.

మామయ్య


అమరావతి
ఏప్రిల్ మూడో వారం

మామయ్యకు,

ప్లైవుడ్ షీట్లు తిరిగి పంపేశాం.

నీ ఉత్తరం చదివి తహసీన్ నేల మీద సుద్దముక్కతో గీతలు గీసింది. ఎవరి ఇల్లు వాళ్ళ గడప మీదే ఉండాలి కాబట్టి ఊరు ఇక తిరగదు, లేస్తూ దిగుతూ ఉంటుంది అంతే. నిన్న మొదటి దూలం లేపాం. అటు సుబ్బారావు గారి ఇల్లు, ఇటు ఏసయ్య అన్న ఇల్లు, కింద నెమళ్ళ తలుపుకు ఎదురుగా మిరప తలుపు. ఇన్ని నెలలుగా నేను బొమ్మలు గీస్తున్నా, ఆ ఊళ్ళోకి మనిషి ఎలా వస్తాడో నాకు తట్టలేదు మామయ్యా. చూడటానికి వస్తారనుకున్నానే కానీ ఇంటికి వస్తారనుకోలేదు.

నీ ఇల్లు తీయను. తక్కెడ ఒరిగిపోతుంది. దాని కింద తలుపు లేకుండానే వదిలేస్తున్నాను. ప్లైవుడ్‌ది మాత్రం పెట్టను, నీకు కోపమొస్తే రానీ.

మీ అందరికీ బస్సు మాట్లాడాను. అత్తయ్య మోకాళ్ళకు ముందు సీటు.

జ్యోతి


కొత్త రేవులపాడు
ఏప్రిల్ ఆఖరు

చిరంజీవి జ్యోతికి,

క్షేమంగా చేరాం. ప్రారంభం రోజు నువ్వు వేదిక మీద పెద్దమనుషుల మధ్య ఇరుక్కుపోయావు. వాళ్ళలో ఒకాయన మైకు వదలడం లేదని దూరం నుంచే కనపడింది. అంతసేపూ హాల్లో ఏం జరిగిందో నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

ముందు పుల్లమ్మ పసుపు గిన్నె తీసింది. కాపలా కుర్రాడు పరిగెత్తుకొచ్చి "అమ్మా, ప్రదర్శన వస్తువులు ముట్టుకోకూడదు" అన్నాడు. "ఏందయ్యా, నా గడప నేను ముట్టుకోగూడదా? మీ ఇంట్లో మీ అమ్మ గడప కడగాలంటే నిన్నడిగి కడుగుద్దా?" అంది. వాడు నీ తహసీన్ వంక చూశాడు. ఆ పిల్ల ఏమీ చూడనట్టు కప్పు వంక చూసింది. మంచి పిల్ల. ఆ తరవాత కుర్రాడే చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

అందరూ ఎవరి గుమ్మంలో వాళ్ళు కూర్చున్నారు. చెప్పులు బయటే విడిచారు, ఎవరూ చెప్పలేదు. కాలనీలో పుల్లమ్మా ఏసయ్య ఇంటావిడా ఎదురుపడితే పలకరించుకుని పోతారు, అంతే. ఇక్కడ గుమ్మంలోంచి గుమ్మంలోకి ఒకటే మాటలు. సుబ్బారావు తల వెనక్కి వాల్చి "దిగుతున్నా, దిగుతున్నా" అంటుంటే ఎదురుగా ఏసయ్య "నేను లేస్తున్నా, ఉండు" అంటున్నాడు. ఆ మైకు ఆయన ఉపన్యాసం వీళ్ళెవరూ వినలేదు.

కానీ ఒక చిక్కు వచ్చింది. చూడటానికి వచ్చిన బయటి జనం గుమ్మాల ముందు ఆగిపోయారు. ఇంటివాళ్ళు గుమ్మంలో కూర్చుని ఉంటే దాటుకుని ఎట్లా పోతారు? కాసేపు అటూ ఇటూ చూసి, తలుపు లేని చోటు వెతుక్కున్నారు. అది నా ఇల్లు.

ఒకావిడ, నగరం మనిషిలా ఉంది, "ఇది ఎవరిల్లండీ?" అని అడిగింది. ఆమె మాట నాకు పూర్తిగా వినపడిందంటే నమ్ము. నాదేనన్నాను. "తలుపు లేదేం?" "ఉందమ్మా, ఊళ్ళో ఉంది. మీరు రండి" అన్నాను. ఆమె వచ్చింది. ఆమె వెనక పిల్లలు, పిల్లల వెనక ఇంకో పదిమంది, కాలేజీ పిల్లలొక గుంపు. నేను నడిమధ్యన నిలబడి రండి రండి అంటున్నాను, పెళ్ళివారిని పిలిచినట్టు. పాత ఇంట్లో ఇంతమంది ఎన్నడూ పట్టలేదు. మీ అత్త "కాఫీకి ఎక్కడ తెస్తాం?" అని గాభరా పడింది.

వాళ్ళందరూ తలలెత్తి చూస్తుంటే నేనూ ఎత్తాను. శుక్లం కంటికి తెల్లగుడ్డ మబ్బులాగే కనపడింది. వెదురు మెల్లగా ఒరిగింది. నా ఇల్లు కొంచెం కిందికి వచ్చింది, అటు చివర పుల్లమ్మ ఇల్లు కొంచెం లేచింది. వచ్చిన జనం ఊపిరికో, హాలు తలుపు తెరిస్తే వచ్చిన గాలికో, నాకు తెలియదు.

పుల్లమ్మ తన గుమ్మంలోంచి అరిచింది. హాలంతా వినపడింది, నాకు కూడా.

"యల్లమందన్నా! నీ ఇల్లు దిగింది, జనాన్ని తగ్గించు!"

నేను తగ్గించలేదమ్మాయ్. బయట నిలబడిన వాళ్ళను కూడా పిలిచాను.

ఆశీస్సులతో,
మామయ్య